స్టార్ గుర్తు స్లాష్‌ను దాటాలా?

మిత్రులారా, కోడ్ మార్పుల చరిత్రను భద్రపరిచే గిట్‌లో బ్రాంచ్ అయినా ట్యాగ్ అయినా చివరికి ఒక రెఫే, అంటే ఆ చరిత్రలో ఒక చోటును చూపే పేరే. పాత రిపోజిటరీలలో ఇవి వేలల్లో పోగుపడతాయి. కావలసినవాటిని ఏరుకోవడానికి ప్యాటర్న్‌లు రాస్తాం, అంటే స్టార్ (*) వేరే అక్షరాలకు బదులుగా నిలిచే పేరు నమూనాలు. అలాంటి ప్యాటర్న్‌ల నియమాలను రూపొందించేవారి బాధ్యత గురించి ఈరోజు మాట్లాడతాను.

‘ఫీచర్*’ అని రాశామనుకోండి. ‘ఫీచర్/లాగిన్’ అనే బ్రాంచ్ అందులోకి వస్తుందా? బ్రాంచ్‌ల జాబితా అడిగే ఆదేశానికి ఇస్తే వస్తుంది. అక్కడ స్టార్ స్లాష్‌ను దాటుతుంది. ‘రెఫ్స్/హెడ్స్/ఫీచర్*’ అని పూర్తి పేరుతో, రెఫ్‌లన్నిటినీ చూపే ఫర్-ఈచ్-రెఫ్ ఆదేశానికి ఇస్తే రాదు. అక్కడ స్టార్ స్లాష్ దగ్గరే ఆగిపోతుంది. విచిత్రమేమిటంటే, ఆ స్టార్ తీసేస్తే మళ్లీ వస్తుంది! స్లాష్ వరకు అచ్చంగా సరిపోయిన ముందుభాగాన్ని ఆ ఆదేశం ఒప్పుకుంటుంది మరి. వేరే రిపోజిటరీ నుంచి తెచ్చుకునే ఫెచ్‌కు, అక్కడి ఏ రెఫ్ ఇక్కడ ఏ పేరుతో చేరాలో చెబుతూ రాసే రెఫ్‌స్పెక్‌లోనూ స్టార్ స్లాష్‌ను దాటుతుంది, కాకపోతే ఒక్కో వైపు ఒక్కటే ఉండాలి. వేర్వేరు అవసరాలకు వేర్వేరు కాలాల్లో పెరిగిన సాఫ్ట్‌వేర్‌లో ఇది సహజమే. కొత్తగా వడపోత రాసే మనం మాత్రం ఒక్క అర్థాన్నే ఎంచుకుని, దాన్ని అన్నిచోట్లా నిలబెట్టాలి.

మినహాయింపుల విషయం ఇంకా సున్నితం. 2020లో వచ్చిన గిట్ 2.29 నుంచి రెఫ్‌స్పెక్ ముందు ‘^’ పెట్టి కొన్ని రెఫ్‌లను వదిలేయమనవచ్చు. వరుసతో పనిలేదు: ఏదో ఒక ప్యాటర్న్‌కు సరిపోవాలి, ఏ మినహాయింపుకూ సరిపోకూడదు. సర్వర్ కొన్ని రెఫ్‌లను క్లయింట్‌కు చూపకుండా దాచే హైడ్‌రెఫ్స్ సెట్టింగులో అలా కాదు, చివర రాసినదే చెల్లుతుంది. నా ఓటు మొదటి పద్ధతికే. సెట్టింగులు మూడు నాలుగు ఫైళ్ల నుంచి కలిసి వచ్చేచోట, చివరిది ఏదో కంటితో చూసి చెప్పడం కష్టం.

హైడ్‌రెఫ్స్‌ను తాళంగా భావించకండి. పేరు దాగినా, దాని వెనుక ఉన్న ఆబ్జెక్ట్‌లను, అంటే గిట్ దాచుకున్న అసలు సమాచారాన్ని, క్లయింట్ వేరే దారిలో రాబట్టుకోగలదు. రహస్యమైనదాన్ని వేరే రిపోజిటరీలో ఉంచమని గిట్ పత్రాలే చెబుతాయి.

క్లయింట్, సర్వర్ మాట్లాడుకునే గిట్ ప్రోటోకాల్ రెండో వెర్షన్‌లో క్లయింట్ తనకు కావలసిన రెఫ్‌ల ముందుభాగాన్ని సర్వర్‌కు ముందే చెబుతుంది. అది సూచన మాత్రమే. క్లయింట్ అడగనివి కూడా సర్వర్ పంపవచ్చు, కాబట్టి వచ్చినవాటిని క్లయింట్ మళ్లీ వడకట్టుకోవాలి.

మీరు వడపోత రాస్తే, ‘ఫీచర్’, ‘ఫీచర్/లాగిన్’, ‘ఫీచర్లు’ అనే మూడు పేర్లతో ముందుగా పరీక్షలు రాయండి. ఏది లోపలికి రావాలో, ఏది రాకూడదో కోడ్ మొదలుపెట్టకముందే తేల్చుకోండి.