గురువులు లేని 221 ఏళ్లు: జపాన్ రహస్య క్రైస్తవుల కథ

[తెర మీద: నాగసాకి, ఓఉరా చర్చి]

1865 మార్చి 17. నాగసాకిలో విదేశీయుల కోసం కొత్తగా కట్టిన ఓఉరా చర్చి దగ్గరికి ఉరకామి అనే పల్లె నుంచి పదిహేను మంది దాకా వచ్చారు. ఫ్రెంచి గురువు, అంటే కతోలిక మతాచార్యుడు, ఫాదర్ పెతిజాన్ వాళ్లను లోపలికి తీసుకెళ్లారు. ఒకావిడ ఆయన పక్కనే మోకరించి, గుండె మీద చెయ్యి వేసుకుని, తమ అందరి మనసూ ఆయన మనసూ ఒకటేనని మెల్లగా చెప్పింది. మరియమాత స్వరూపం ఎక్కడుందని అడిగింది.

జపాన్‌లో ఇక క్రైస్తవులే మిగల్లేదని బయటి ప్రపంచం అనుకుంటున్న రోజులవి.

అన్నిటికన్నా నన్ను కదిలించేది ఆ తర్వాతి మాట. "మేమిప్పుడు దుఃఖకాలంలో ఉన్నాం. ఇది పదిహేడో రోజు. మీరూ పాటిస్తారా?" అని వాళ్లు అడిగారు. దుఃఖకాలమంటే మనం తపస్సుకాలం అనేదే, ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస ప్రార్థనల కాలం. అది మొదలయ్యే విభూది బుధవారం ఆ ఏడాది మార్చి 1న వచ్చింది. లెక్క వేసి చూడండి, మార్చి 17 సరిగ్గా పదిహేడో రోజే! ఈస్టర్ ఏటా తేదీ మారే పండుగ. తరాల తరబడి గురువు ముఖమే చూడనివాళ్లు ఆ లెక్క తప్పలేదు.

[తెర మీద: జపాన్ పటం, సంవత్సరాలు ఒక్కొక్కటిగా]

వెనకటి కథ క్లుప్తంగా చెబుతాను. 1549లో క్రైస్తవ మతప్రచారకుడు ఫ్రాన్సిస్ జేవియర్ జపాన్‌లోని కగోషిమాలో దిగాడు. 1597లో నాగసాకిలో 26 మంది క్రైస్తవులను శిలువ వేశారు. 1614లో దేశమంతటా క్రైస్తవ మతంపై నిషేధం వచ్చింది. మిగిలిన చివరి గురువు 1644లో హతసాక్షి అయ్యాడు, అంటే విశ్వాసం కోసం ప్రాణం ఇచ్చాడు. ప్రతి కుటుంబం ఏదో ఒక బౌద్ధ ఆలయంలో పేరు నమోదు చేయించుకోవాలి. క్రీస్తు, మరియమాత బొమ్మలను అధికారుల ఎదుట కాలితో తొక్కి చూపించాలి. కాదంటే చెరసాల, చిత్రహింస, మరణం.

మరి విశ్వాసం పిల్లలకు ఎలా అందింది? ఇంట్లో అమ్మానాన్నలు చెప్పుకున్నారు, నిజమే. అదొక్కటే అయితే రెండు మూడు తరాల్లో చెదిరిపోయేదని నా నమ్మకం. వాళ్లు ఊరంతా కలిసి పనులు పంచుకున్నారు.

[తెర మీద: మూడు పాత్రలు – చోకాతా, మిజుకాతా, కికియాకు]

చోకాతా చేతిలో పండుగల క్యాలెండర్ ఉండేది. అది 1634 నాటి లెక్కల మీద తయారైంది. దాన్ని పట్టుకుని ఏటా జపాన్ చాంద్రమాన తేదీల్లో క్రిస్మస్ ఎప్పుడు, ఈస్టర్ ఎప్పుడు, పని మానాల్సిన రోజులేవి అని ఆయన తేల్చాలి. మిజుకాతా పసిబిడ్డలకు జ్ఞానస్నానం ఇచ్చేవాడు. అవసరం పడితే గురువు కానివారు ఇచ్చినా జ్ఞానస్నానం చెల్లుతుందని తిరుసభ (కతోలిక సంఘం) బోధ. అందుకే గురువులు లేకపోయినా ఆ ఒక్క సంస్కారం ఆగలేదు. ఇక కికియాకు ఆ కబుర్లన్నీ ఇంటింటికీ చేరవేసేవాడు.

పాపసంకీర్తనానికి, అంటే పాపాలు ఒప్పుకుని క్షమాపణ పొందడానికి, మాత్రం గురువు ఉండి తీరాలి. బొమ్మను తొక్కి ఇంటికొచ్చినవాళ్ల గుండె ఎంత బరువెక్కి ఉంటుందో! గురువు దొరకనప్పుడు నిండు పశ్చాత్తాపంతో దేవుణ్ణి క్షమాపణ ఎలా వేడుకోవాలో చెప్పే పాఠం ఒకటి నిషేధానికి ముందే తయారైంది. దాన్ని చేత్తో రాసుకుని, కంఠతా పట్టి, చాటుగా చెప్పుకునేవారు. కన్నాన్ అనే బౌద్ధ దేవత బొమ్మ ముందు కూర్చుని మరియమాతకు ప్రార్థించేవారు. ఒరాషో అనే జపాలు నోటి నుంచి నోటికి నడిచాయి. లాటిన్, పోర్చుగీసు మాటలు తరాల మీద అరిగిపోయి కొన్నిచోట్ల అర్థమే తెలియకుండా పోయాయి. అయినా వదల్లేదు.

1865 తర్వాత కూడా కష్టాలు తీరలేదు. 1867లో ఉరకామి వాసులను అరెస్టు చేయడం మొదలుపెట్టారు. ఆపైన 3,000 మందికి పైగా జనాన్ని దూరప్రాంతాలకు చెదరగొట్టారు. వాళ్లలో 600 మందికి పైగా ప్రవాసంలోనే చనిపోయారు. 1873లో నిషేధపు బోర్డులు తీసేశాకే మిగతావాళ్లు ఇళ్లు చేరారు.

[తెర మీద: ఇకిత్సుకి దీవి]

స్వేచ్ఛ వచ్చాక చాలామంది తిరుసభలో కలిశారు. ఇకిత్సుకి లాంటి చోట్ల కొందరు తాతముత్తాతల పద్ధతినే పట్టుకుని ఉండిపోయారు. వాళ్ల బృందాలు ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో ఒక్కొక్కటిగా రద్దవుతూ వచ్చాయి. అప్పుడు నిషేధం లేదు, భయం లేదు. కుర్రవాళ్లు ఉద్యోగాలకు ఊళ్లు వదిలారు. ఏడాది పొడవునా జరిగే ఆచారాలకు పెద్దమనిషిగా నిలబడాలంటే సెలవు దొరకదు, పొడవాటి ఒరాషో నేర్చుకోవడానికి తీరిక ఉండదు. ఆ బాధ్యత తీసుకునే తర్వాతి మనిషి దొరకని చోటల్లా పెద్దలే కూర్చుని మాట్లాడుకుని బృందాన్ని ముగించారు.