టూల్ డిస్క్రిప్షన్: ఏజెంట్‌కు కనిపించేది అంతే

అందరికీ నమస్కారం.

సేల్స్‌ఫోర్స్ లాంటి సీఆర్‌ఎమ్‌కు (కస్టమర్ల వివరాలు, అమ్మకాలు చూసుకునే సాఫ్ట్‌వేర్) ఏఐ ఏజెంట్‌ను (మనం అడిగిన పనిని తానే చేసిపెట్టే ఏఐ) కలిపేటప్పుడు మన శ్రద్ధంతా కోడ్ మీదే ఉంటుంది. ఏజెంట్ పిలిచి వాడుకునే ఒక్కో ఫంక్షన్‌ను టూల్ అంటాం. అదేం చేస్తుందో ఏజెంట్‌కు చెప్పే టూల్ డిస్క్రిప్షన్ మాత్రం ఆఖర్న, హడావిడిలో ఒక వాక్యం రాసి వదిలేస్తాం. కానీ ఏజెంట్ మన కోడ్ చూడదు. దానికి అందేవి టూల్ పేరు, డిస్క్రిప్షన్, పారామీటర్ల స్కీమా (ఏయే గడులు నింపాలో, వాటిలో ఎలాంటి విలువలు పట్టాలో చెప్పే పట్టిక), అంతే. 2024 నవంబరులో ఆంత్రోపిక్ విడుదల చేసిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌తో (ఏఐని బయటి టూల్స్‌కు కలిపే ప్రమాణం) కలిపినా పరిస్థితి ఇదే. ఏ టూల్ ఎప్పుడు పిలవాలో, ఏ గడిలో ఏం నింపాలో ఆ కాసిన్ని మాటల్లోంచే అది తేల్చుకోవాలి.

'కన్వర్ట్ లీడ్' అనే టూల్ తీసుకుందాం. లీడ్ అంటే మన దగ్గర కొనే అవకాశం ఉన్నవారి వివరాలు. డిస్క్రిప్షన్‌లో "లీడ్‌ను కన్వర్ట్ చేస్తుంది" అని ఉందనుకోండి. పేరునే తిరిగి చెప్పినట్టయింది. సేల్స్‌ఫోర్స్‌లో లీడ్‌ను కన్వర్ట్ చేస్తే ఒక అకౌంట్ (కంపెనీ రికార్డు), ఒక కాంటాక్ట్ (వ్యక్తి రికార్డు), వద్దని చెప్పకపోతే ఒక ఆపర్చునిటీ (జరగబోయే అమ్మకం రికార్డు) కూడా పుడతాయి. అయ్యాక వెనక్కి తిప్పే బటన్ లేదు. ఇప్పుడు సేల్స్ టీమ్‌లో ఒకరు "ఈ లీడ్ బాగుంది, ముందుకు తీసుకెళ్లు" అని టైప్ చేశారు. స్టేటస్ మార్చమన్నారా, కన్వర్ట్ చేయమన్నారా? డిస్క్రిప్షన్ చెప్పదు కాబట్టి ఏజెంట్ ఊహిస్తుంది.

అదే టూల్‌కు ఇలా రాయండి: "అర్హత తేలిన లీడ్ నుంచి అకౌంట్, కాంటాక్ట్, ఆపర్చునిటీ తయారుచేస్తుంది. చేశాక రద్దు చేయలేం. యూజర్ కన్వర్ట్ చేయమని స్పష్టంగా అడిగితేనే పిలవాలి. స్టేటస్ మార్చడానికైతే 'అప్‌డేట్ లీడ్' వాడాలి. ముందు 'సెర్చ్ అకౌంట్స్'తో అదే కంపెనీ ఉందేమో చూడాలి. ఉంటే ఆ అకౌంట్ ఐడీ ఇవ్వాలి, ఇవ్వకపోతే కొత్త అకౌంట్ తయారవుతుంది."

ఇందులో అన్నిటికన్నా ఎక్కువ పనిచేసేది "ఎప్పుడు వాడకూడదు, బదులుగా ఏది వాడాలి" అన్న వాక్యం. చాలామంది వదిలేసేదీ అదే. అయితే "అడిగితేనే" అని రాశాం కదా అని ధీమాగా ఉండొద్దు. రద్దు చేయలేని పనికి కోడ్‌లో కూడా కన్ఫర్మేషన్ అడ్డు తప్పనిసరిగా ఉండాలి.

ఇక పారామీటర్లు. తప్పులు ఎక్కువగా పుట్టేది ఇక్కడే. పారామీటర్ పేరు ఊరికే 'ఐడీ' అని పెడితే ఏజెంట్ అకౌంట్ ఐడీ తెచ్చి కాంటాక్ట్ గడిలో వేస్తుంది. 'కాంటాక్ట్ ఐడీ' అని పెట్టి, "003తో మొదలవుతుంది, 15 లేదా 18 అక్షరాలు" అని రాయండి. 15 అక్షరాల ఐడీలో చిన్నబడి, పెద్దబడి అక్షరాలు వేరువేరు లెక్క. కాబట్టి 18 అక్షరాలదే అడగడం మేలు.

పేర్ల సంగతి మనకు మరీ ముఖ్యం. లీడ్‌కు లాస్ట్ నేమ్, కంపెనీ తప్పనిసరి. కస్టమర్ 'రాజేశ్వరి' అని ఒక్క పేరే చెబితే, ఖాళీ గడి నింపడానికి ఏజెంట్ ఇంటిపేరు కల్పించే ప్రమాదం ఉంది. "ఒక్క పేరే తెలిస్తే లాస్ట్ నేమ్‌లో వేసి, ఫస్ట్ నేమ్ ఖాళీగా వదలాలి. ఇంటిపేరు ఊహించకూడదు" అని రాయండి. డబ్బుకు కూడా ఇంతే: "రూపాయల్లో, కామాలు లేకుండా. 2.5 లక్షలు అంటే 250000."

తేదీ దగ్గర జాగ్రత్త. సేల్స్‌ఫోర్స్ సమయాన్ని యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం) దాస్తుంది. మన సమయం దానికన్నా 5:30 గంటలు ముందు. హైదరాబాద్‌లో ఆగస్టు 12 తెల్లవారుజామున 4 గంటలకు వచ్చిన ఎంక్వైరీ అక్కడ ఆగస్టు 11 రాత్రి 10:30గా ఉంటుంది. టూల్ యూటీసీ సమయం తీసుకునేదైతే "భారత సమయంలో ఆగస్టు 12 అంటే ఆగస్టు 11 18:30 నుంచి ఆగస్టు 12 18:30 లోపు" అని ఉదాహరణతో సహా ఇవ్వండి. ఇంకా మంచిది, టూల్ భారత తేదీనే తీసుకుని మార్పిడి కోడ్‌లో చేయడం. ఏజెంట్‌తో కూడికలు చేయించే అవసరమే ఉండదు.

స్టేజ్ (అమ్మకం ఏ దశలో ఉందో) లాంటి పిక్‌లిస్ట్‌లకు, అంటే జాబితాలోంచి ఎంచుకునే గడులకు, అనుమతించిన విలువలన్నీ స్కీమాలో ఈనమ్‌గా (ఇవి తప్ప వేరేవి చెల్లవన్న జాబితాగా) పెట్టండి. పరిమితి పెట్టని పిక్‌లిస్ట్ అయితే ఏపీఐ (ప్రోగ్రామ్‌లు సేల్స్‌ఫోర్స్‌తో మాట్లాడే దారి) నుంచి వచ్చిన కొత్త మాటను కూడా మారుమాట్లాడకుండా తీసుకుంటుంది. నెలాఖరు రిపోర్టులో ఎవరూ వినని స్టేజ్ కనిపించేదాకా బయటపడదు.

ఎర్రర్ మెసేజ్ కూడా డిస్క్రిప్షన్‌లో భాగమే అనుకుని రాయాలి. "చెల్లని ఐడీ" అంటే ఏజెంట్ అదే ఐడీతో మళ్లీ ప్రయత్నిస్తుంది. "001తో మొదలయ్యే ఐడీ వచ్చింది, అది అకౌంట్‌ది. 'సెర్చ్ కాంటాక్ట్స్' పిలిచి 003 ఐడీ తీసుకోండి" అంటే ఆ మలి అడుగులోనే సరిదిద్దుకుంటుంది. సెర్చ్ ఫలితాలకూ ఇదే సూత్రం: "340 దొరికాయి, మొదటి 20 ఇచ్చాం" అని చెప్పకపోతే, ఆ 20నే మొత్తం అనుకుని యూజర్‌కు చెప్పేస్తుంది.

రాశాక పరీక్ష ఇలా పెట్టండి. మీ టీమ్ నిజంగా అడిగే మాటల్లో ఒక 20 రిక్వెస్టులు రాసుకోండి. వాటిలో నాలుగైదింటికి ఏ టూలూ పిలవకూడదు, తిరిగి ప్రశ్న అడగాలి. శాండ్‌బాక్స్‌లో (అసలు డేటా చెడకుండా పరీక్షించుకునే కాపీ) నడిపి, ఏజెంట్ పిలిచిన టూల్, నింపిన విలువలు లాగ్‌లో చూడండి. తప్పు కనబడితే డిస్క్రిప్షన్‌లో ఒక్క వాక్యమే మార్చి, మొత్తం 20 మళ్లీ నడపండి. ఒక టూల్‌కు చేర్చిన వాక్యం పక్క టూల్‌కు వెళ్లాల్సిన రిక్వెస్టును లాగేసుకోవడం మామూలే, అందుకే ఒక్కటి నడిపి ఆపొద్దు.