ఊరిన ప్యాంటు

అందరికీ నమస్కారం. ఇక్కడున్నవాళ్లలో ఎక్కువమంది లా చదివే పిల్లలే. సెక్షన్లు నాకన్నా మీకే బాగా గుర్తుంటాయి కాబట్టి వాటి జోలికి పోను. ఒక ప్యాంటు గురించి చెప్తాను.

జపాన్‌లోని షిజువోకా ప్రాంతం. 1966 జూన్‌లో అక్కడ ఒక మిసో ఫ్యాక్టరీ డైరెక్టర్ ఇంట్లో నలుగురిని చంపి, ఇంటికి నిప్పు పెట్టారు. మిసో అంటే సోయా గింజలకి ఉప్పు చేర్చి నెలల తరబడి ఊరబెట్టే ముద్ద. అదే ఫ్యాక్టరీలో పనిచేసే ఇవావో హకమాడా అనే మాజీ బాక్సర్‌ని ఆగస్టులో పట్టుకున్నారు. సుమారు ఇరవై రోజులు గంటలకొద్దీ కూర్చోబెట్టి అడిగితే ఒప్పుకున్నాడు. కోర్టుకొచ్చాక, నేను చెయ్యలేదన్నాడు.

ఏడాది గడిచింది. విచారణ సాగుతుండగానే మిసో తొట్టిలో రక్తపు మరకలున్న ఐదు బట్టలు బయటపడ్డాయి. అవి ఇతనివేనని 1968లో ఉరిశిక్ష వేశారు. అప్పీల్లో ఆ ప్యాంటు తొడిగించి చూస్తే తొడల దగ్గరే ఆగిపోయింది! మిసోలో నాని బిగిసిపోయిందని, ఈయన లావయ్యాడని ప్రాసిక్యూషన్ సర్దిచెప్పింది. కోర్టు నమ్మింది.

అసలు పేచీ మరక రంగుతో. ఏడాదికి పైగా ఊరినా రక్తం ఇంకా ఎర్రగానే కనబడింది. మా అమ్మ ఉంటే, ఆవకాయ జాడీలో ఏడాది పడున్న గుడ్డ రంగు నిలుస్తుందా అని నవ్వేది. హకమాడా తరఫువాళ్లు రక్తం అంటిన బట్టల్ని మిసోలో నానబెట్టి చూశారు. ఎరుపు పోయి నల్లబడ్డాయి. 2024 సెప్టెంబర్ 26న షిజువోకా కోర్టు, ఆ బట్టలు దర్యాప్తువాళ్లే తయారుచేసి పెట్టినవని తేల్చి, ఆయన నిర్దోషి అంది. శిక్ష వేసిన ముగ్గురు జడ్జిల్లో ఒకరు, ఇతను చేశాడని తను నమ్మలేదని 2007లోనే బయటపెట్టారు.

అక్కడ ఉరి తేదీ ముందుగా చెప్పరు. ఆ పొద్దున్నే చెప్తారు. అంటే ప్రతి పొద్దునా అదే టెన్షన్. మళ్లీ విచారించాలని కోర్టు చెప్పడంతో 2014లో 78 ఏళ్ల వయసులో విడుదలై హమమట్సులో అక్క హిడెకో ఇంటికొచ్చారు. మన మారుతి కార్ల సుజుకి కంపెనీ ఊరే అది. ఇంట్లో ఈ చివర నుంచి ఆ చివరకి గంటలకొద్దీ నడిచేవారట. మనిషి వచ్చాడు గానీ మనసు జైలు దాటలేదు. మళ్లీ విచారణ మొదలైతే కోర్టుకి వచ్చే స్థితిలో లేరు. తమ్ముడి తరఫున ఆ అక్కే నిలబడి, వీడు నిర్దోషి అంది. తీర్పునాటికి ఆవిడకి 91 ఏళ్లు.

పరిహారం రోజుకు 12,500 యెన్లు. అక్కడి చట్టం ప్రకారం అదే గరిష్ఠం. మొత్తం 21 కోట్ల యెన్ల పైమాటే. మనకి అలాంటి చట్టమే లేదు. తేవాలని 2018లో లా కమిషన్ రాసింది, అంతే. ఒక కేసులో ఆరుగురికి ఉరే సరి అని 2009లో చెప్పిన మన సుప్రీంకోర్టే, 2019లో వాళ్లందరినీ నిర్దోషులంటూ తలా 5 లక్షలు ఇమ్మని మహారాష్ట్రని ఆదేశించింది. పదహారేళ్లు లోపలున్న మనిషికి లెక్క కట్టండి, రోజుకు 86 రూపాయలు.

2024 అక్టోబర్‌లో షిజువోకా పోలీసు చీఫ్ ఆ ఇంటికొచ్చి, నడుం వంచి క్షమాపణ చెప్పాడు. హకమాడా ఎదురుగానే ఉన్నారు. వచ్చిందెవరో, ఎందుకు వంగాడో ఆయనకి ఎంత తెలిసిందో ఆ అక్కనే అడగాలి.