లాఠీలు ఇంట్లో పెట్టి రండి

అందరికీ నమస్కారం. ఈ ఉక్కలో, ఫ్యాన్లు సగం తిరిగి సగం తిరగని ఈ కమ్యూనిటీ హాల్లో, సీరియల్స్ టైమ్‌లో ఇంతమంది వస్తారని నేను అనుకోలేదు. మన బెజవాడ కాలనీలో రాత్రి గస్తీ మొదలుపెడదామని మీ కమిటీవాళ్లు నాకు ఫోన్ చేసి మొట్టమొదట అడిగిందేంటో తెలుసా? "సార్, లాఠీలు ఎక్కడ దొరుకుతాయి, ఓ పాతిక కావాలి" అని. నేను హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరైనవాణ్ణి, లాఠీ చేతిలోకి రాగానే మనిషి నడక ఎలా మారిపోతుందో, గొంతు ఎలా మారిపోతుందో చూసినవాణ్ణి. అందుకే ముందే చెప్పేస్తున్నాను, లాఠీలు వద్దు. కుక్కల కోసం టీమ్‌కి ఒక చేతికర్ర ఉంటే చాలు. ఆ డబ్బు పెట్టి మంచి టార్చిలు, విజిళ్లు, లైటు పడితే మెరిసే జాకెట్లు కొనుక్కోండి.

ఎందుకంటారా? దొంగ అనేవాడు మిమ్మల్ని చూడగానే పారిపోవడానికే చూస్తాడు, వాడికి మీతో పనిలేదు. రాత్రి రెండింటికి వీధిలో అసలు ప్రమాదం ఎవరంటే, నిద్రలేక, లోపల భయంగా ఉండి, పక్కన మనవాళ్లున్నారన్న ధైర్యంతో, చేతిలో కర్రతో ఉన్న ఎనిమిదిమంది మనవాళ్లే. కోపం తెచ్చుకోకండి. 2018 మే నెల గుర్తుందా? పార్థీ గ్యాంగ్ అనే దొంగల ముఠా దిగింది, పిల్లల్ని ఎత్తుకుపోతున్నారు అని వాట్సాప్‌లో మెసేజీలు, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఊళ్లకి ఊళ్లు కర్రలు పట్టుకుని కాపలా కాశాయి. ఆ కాపలాల్లో దొరికిందెవరు? మతిస్థిమితం లేనివాళ్లు, అడుక్కునేవాళ్లు, పక్క రాష్ట్రం నుంచి పనికొచ్చినవాళ్లు. హైదరాబాద్ పాతబస్తీలో ఒక ట్రాన్స్ మహిళను కొట్టి చంపేశారు. కొట్టినవాళ్లలో చాలామంది మీలాగే పిల్లల కోసం, వీధి కోసం బయటికొచ్చినవాళ్లే అయ్యుంటారు.

ఇప్పుడు చట్టం సంగతి. ఇది కాస్త ఓపిగ్గా వినండి, ఎందుకంటే రేపు స్టేషన్‌లో కూర్చోవాల్సింది మీరు, నేను కాదు. 2024 జూలై 1 నుంచి, నేరాలకి శిక్షలు చెప్పే పాత ఐపీసీ పోయి న్యాయ సంహిత, అరెస్టుల పద్ధతి చెప్పే సీఆర్‌పీసీ పోయి నాగరిక్ సురక్షా సంహిత వచ్చాయి. అందులో నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 40 ప్రకారం మామూలు పౌరుడు కూడా ఒకర్ని అదుపులోకి తీసుకోవచ్చు, నిజమే. కానీ ఎప్పుడు? మీ కళ్లెదుటే, బెయిలివ్వక్కర్లేని, పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చెయ్యగలిగిన నేరం జరిగితే. లేదా కోర్టు నేరస్థుడని ప్రకటించినవాడైతే. అంటే తాళం పగలగొట్టి ఇంట్లోకి దూరుతుంటే మీరు చూశారు, అది వేరు. "అనుమానంగా తిరుగుతున్నాడు సార్" అంటే కుదరదు. పట్టుకున్నాక కూడా ఆలస్యం చెయ్యకుండా, ఎంత లేటైనా ఆరు గంటల్లోపు పోలీసులకి అప్పజెప్పాలి. పొద్దున్నే అందరూ లేచాక చూద్దాంలే అని కరెంటు స్తంభానికి కట్టేసి టీ తాగడానికి వెళ్లారనుకోండి, కేసు మీ మీద అవుతుంది. జేబులు తడమడం, ఆధార్ కార్డు చూపించమని నిలబెట్టడం, ఫోన్ లాక్కుని గ్యాలరీ చూడడం, ఇవన్నీ మీకు లేని అధికారాలు.

ఆత్మరక్షణ హక్కు లేదా అని ఇందాక ఒక తమ్ముడు అడిగాడు. ఉంది, న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు దాని గురించే. కానీ అవసరానికి మించి హాని చెయ్యకూడదని కూడా అందులోనే ఉంది. కింద పడినవాణ్ణి తన్నడం ఏ సెక్షన్‌లోనూ ఆత్మరక్షణ కాదు. ఇంకో సంగతి, ఐదుగురు, అంతకన్నా ఎక్కువమంది కలిసి కులం, భాష, పుట్టిన ప్రాంతం లాంటి కారణంతో మనిషిని చంపితే 103వ సెక్షన్ రెండో క్లాజు కింద ఆ గుంపులో ప్రతి ఒక్కరికీ ఉరి లేదా యావజ్జీవం పడొచ్చు. తీవ్రంగా గాయపరిస్తే ఏడేళ్ల దాకా. మన పక్కనే ఆటోనగర్‌లో, హోటళ్లలో, అపార్ట్‌మెంట్ల సైట్లలో ఒడిశావాళ్లు, బీహారువాళ్లు ఎంతమంది ఉన్నారు? అర్ధరాత్రి డ్యూటీ దిగి వచ్చి హిందీలో తడబడుతూ మాట్లాడేవాడు దొంగ అయిపోడు.

అమెరికాలో ఒక కేసు చెప్తాను. ఫ్లోరిడాలో శాన్‌ఫర్డ్ అనే ఊరు, 2012 ఫిబ్రవరి 26 రాత్రి. వాళ్ల కాలనీ కాపలా వాలంటీర్ ఒకతను, అనుమానంగా ఉన్నాడని ఒక కుర్రాణ్ణి చూసి పోలీసులకి ఫోన్ చేశాడు. అంతవరకు బాగుంది. వెంట వెళ్తున్నావా, ఆ అవసరం లేదు అని ఫోన్‌లో ఉన్నతను చెప్పాడు. అయినా చివరికి ఇద్దరూ ఎదురుపడ్డారు, పెనుగులాట జరిగింది, వాలంటీర్ తుపాకీ పేల్చాడు. చనిపోయింది ట్రేవాన్ మార్టిన్, 17 ఏళ్లు, కొట్టుకెళ్లి తినడానికి ఏదో కొనుక్కుని తిరిగొస్తున్న పిల్లాడు. 2013లో జ్యూరీ వాలంటీర్‌ని నిర్దోషి అంది, అది వాళ్ల కోర్టు సంగతి. మనకి కావాల్సింది ఆ ఫోన్ కాల్ దగ్గర ఆగిపోవడం. ఫోన్ చేశాక మీ డ్యూటీ అయిపోయింది, మిగిలింది చూస్తూ ఉండడమే.

సరే, ఇక మన వీధిలోకి వద్దాం. హైదరాబాద్ బస్సు రామవరప్పాడు రింగ్ దగ్గర దింపేసింది, తెల్లవారుజామున మూడింటికి బ్యాగ్ తగిలించుకుని ఒకతను మన సందులోకి వచ్చాడు. ఏం చేస్తారు? "ఎవడ్రా నువ్వు, ఆగు!" అనకండి, అలా అరిస్తే మంచివాడు కూడా పరిగెడతాడు, పరిగెత్తాడు కాబట్టి దొంగే అని మీరు వెంటపడతారు. టార్చి మొహం మీద కొట్టకండి, కాళ్ల దగ్గర వెయ్యండి, చేతుల్లో ఏముందో ఆ వెలుగులోనే కనిపిస్తుంది. రెండు మూడు మీటర్ల దూరంలో, కాస్త పక్కకి తిరిగి నిలబడండి. రెండోవాడు ఇంకొంచెం ఎడంగా, అతని వెనక మాత్రం కాదు. అతను వెళ్లడానికి దారి వదలండి. అప్పుడు నెమ్మదిగా, "ఏవండీ, ఎవరింటికండీ, అడ్రస్ చెప్పమంటారా?" అనండి. నిజంగా చుట్టపుచూపుగా వచ్చినవాడైతే థ్యాంక్స్ అంటాడు. వేరే పనిమీద వచ్చినవాడైతే, ఇక్కడ మనుషులు మేలుకునే ఉన్నారని తెలుసుకుని వెళ్లిపోతాడు, ఆ రాత్రికి మీ గస్తీ ఫలించినట్టే. వెళ్లిపోనివ్వండి. ఎటు వెళ్లాడు, చొక్కా రంగేంటి, బండి ఉంటే నంబరేంటి, అవి గుర్తుపెట్టుకోండి.

మత్తులో బ్లేడ్లు పట్టుకుని తిరిగే బ్లేడ్ బ్యాచ్ అయితే ఈ మాటలు కూడా వద్దు. బెజవాడలో పుట్టి పెరిగినవాళ్లకి వాళ్లెలా ఉంటారో నేను చెప్పక్కర్లేదు. మత్తులో ఉన్నవాడు ఎదుటివాణ్ణే కాదు, తన చెయ్యి తానే కోసుకుంటాడు, ఆ రక్తంతో మీ మీద పడతాడు. గట్టు మీదో, ఫ్లైఓవర్ కిందో నలుగురు కూర్చుని ఉంటే వెనక్కి తిరిగి వచ్చేయండి, 112కి కొట్టండి. గంజాయి సంగతి అయితే, మత్తుమందుల మీద పనిచేసే పోలీసుల ఈగల్ టీమ్ నంబర్ 1972 ఉంది. ఎవరికైనా బ్లేడు తగిలిందా, శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టుకోండి, తీసి తీసి చూడకండి, 108 వచ్చేదాకా అలాగే పట్టుకోండి.

112కి ఫోన్ చేసినప్పుడు "సింగ్ నగర్‌లో గొడవండీ, తొందరగా రండి" అని పెట్టేస్తారు మనవాళ్లు. సింగ్ నగర్ అంటే ఎంత? పైపుల రోడ్డా, డాబాకొట్ల సెంటరా, వాంబే కాలనీ వైపా? వీధి పేరు, దగ్గర్లో స్కూలో గుడో, ఎంతమంది, ఎటు వెళ్తున్నారు, చేతుల్లో ఏముంది, ఈ వరసలో చెప్పండి. వాళ్లు పెట్టేదాకా మీరు పెట్టకండి. గస్తీ మొదలుపెట్టే ముందే స్టేషన్‌కి వెళ్లి ఎవరెవరు, ఏ రోజు, ఏ టైమ్‌లో తిరుగుతారో రాసిచ్చి రండి. లేకపోతే బైకు మీద గస్తీ తిరిగే పోలీసులు, అదే బ్లూ కోల్ట్స్ బండి, వచ్చినప్పుడు వాళ్లకి అనుమానంగా కనిపించేది మీరే.

దొంగల కన్నా మిగతావాటితోనే దెబ్బలు ఎక్కువ తగులుతాయి. నలుగురు రోడ్డు మధ్యలో కబుర్లాడుకుంటూ నడుస్తుంటే వెనక నుంచి లైట్లేని బైకొకటి వస్తుంది, అందుకే ఆ జాకెట్లు. చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి. బుడమేరు వైపు తుప్పల్లో కట్లపాము తిరిగేది రాత్రే, అది కరిచినా పెద్దగా నొప్పి ఉండదు, చీమేమో అనుకుంటారు. అనుమానం వస్తే తాడు కట్టడాలు, కోయడాలు చెయ్యకుండా, నడిపించకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. కుక్క కరిస్తే పంపు కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి, అదే రోజు మొదటి ఇంజక్షన్, తర్వాత 3, 7, 28 రోజులకి.  వాన పడుతుంటే కరెంటు స్తంభాన్ని ఆనుకోవద్దు, తీగ తెగి కనిపిస్తే కరెంటువాళ్ల నంబర్ 1912కి కొట్టండి. నీళ్లు రోడ్డు మీదికి వచ్చాయంటే ఆ రాత్రి గస్తీ లేదు, అంతే. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వచ్చినప్పుడు ఏది రోడ్డో ఏది డ్రైనో తెలియలేదు కదా, మీకు నేను చెప్పాలా.

తాళం వేసిన ఇళ్ల గురించి ఒక్క మాట. సంక్రాంతికో, సెలవులకో ఊరెళ్లేవాళ్లు గ్రూపులో "వారం రోజులు ఉండం, కాస్త చూస్తుండండి" అని పెడుతున్నారు. రెండొందల మంది ఉన్న గ్రూపు అది, అందులో ఎవరు ఎవరికి చూపిస్తారో ఎవరికి తెలుసు? పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్‌లో నమోదు చేస్తే వాళ్లే వచ్చి ఇంట్లో కెమెరా పెడతారు, మనిషి కదిలితే స్టేషన్‌కి తెలుస్తుంది. మీ గస్తీ లిస్టు కూడా ఇద్దరి దగ్గరే ఉండాలి. అనుమానితుడి ఫోటో తీశారా, స్టేషన్ నంబరుకి పంపండి, గ్రూపులో మాత్రం వెయ్యకండి. పొద్దుటికల్లా ఆ ఫోటో కింద "పిల్లల్ని ఎత్తుకుపోయేవాడు" అని ఎవడో రాస్తాడు.

అమ్మా, మీరు వెనక కూర్చున్నారు, మిమ్మల్నీ అడుగుతున్నాను. మేడ మీద నుంచి చూడ్డం కూడా గస్తీయే, నన్నడిగితే అదే మంచి గస్తీ. పైనుంచి నాలుగు సందులు కనిపిస్తాయి, కింద తిరిగేవాళ్లకి ఫోన్‌లో చెప్తే చాలు. ఒంటరిగా మాత్రం ఎవరూ తిరగొద్దు, మగవాళ్లు కూడా. మందేసి వచ్చినవాణ్ణి, అన్నయ్య అయినా సరే, కార్పొరేటర్‌గారి మనిషి అయినా సరే, ఆ రాత్రికి ఇంటికి పంపించేయండి. తెల్లారి ఆటో తోలాల్సినవాణ్ణి, లారీ ఎక్కాల్సినవాణ్ణి రెండింటి తర్వాత డ్యూటీలో వెయ్యకండి, వాడి నిద్ర రోడ్డు మీద తీరుతుంది.

ఇక ప్రశ్నలుంటే అడగండి. ఈలోపు స్టేషన్ నంబరు, మీ ఏరియా బీట్ కానిస్టేబుల్ నంబరు బోర్డు మీద రాస్తున్నాను, అందరూ ఫోన్లు తీసి సేవ్ చేసుకోండి. పేరుకి ముందు 'A' అని పెట్టుకోండి, లిస్టులో పైన వస్తుంది.