ఆకలి ఫ్రాంజ్ అనే బ్యాండ్ ముచ్చట్లు

హోస్ట్: అన్నా, ముందు బ్యాండ్ పేరు నువ్వే చెప్పు, నాకు నోరు తిరగట్లేదు.

గెస్ట్: లాచ్నీ ఫ్రాంజ్. లాచ్నీ అంటే ఆకలితో ఉన్నోడు. ఊరు మారిబోర్, స్లోవేనియాలో రెండో పెద్ద సిటీ, ఆస్ట్రియా బోర్డర్ దగ్గరే, అప్పట్లో టామ్ లారీలు అక్కడే తయారయ్యేవి. 1979లో మొదలెట్టారు, పాడేది జొరాన్ ప్రెడిన్.

హోస్ట్: అంటే యుగోస్లావియా టైమే కదా?

గెస్ట్: అవును, స్లోవేనియా అప్పుడు అందులో ఒక భాగం, ఆ దేశాన్ని ఏలిన టిటో ఇంకా బతికే ఉన్నాడు, పోయింది 1980 మేలో. స్లోవేనియా రాజధాని లుబ్లియానాలో పాంక్ర్టీ అనే బ్యాండ్ వాళ్ళు 1977 నుంచే పంక్ రాక్‌తో గోల చేస్తున్నారు, జాగ్రెబ్, బెల్‌గ్రేడ్‌ లాంటి పెద్ద ఊళ్ళలో న్యూ వేవ్ మ్యూజిక్ ఊపు మీదుంది, వీళ్ళేమో ఓ ఫ్యాక్టరీ ఊళ్ళో కూర్చుని 1981లో ఫస్ట్ ఆల్బమ్ వదిలారు, పేరు చూడు, ఇకెబానా! జపాన్ వాళ్ళు పూలు సర్దుతారే, అదే. మరుసటి ఏడాది అడియో పామెట్, అంటే బుర్రకి టాటా.

హోస్ట్: (నవ్వు) టైటిల్‌కే కొనొచ్చు.

గెస్ట్: నాకు పిచ్చెక్కించేది మాత్రం వాళ్ళ భాష రా. యుగోస్లావియా మొత్తంలో 2 కోట్ల పైన జనం, స్లోవేన్ మాట్లాడేది అటూ ఇటూగా 20 లక్షలు, ఆ దేశంలో ఎక్కువమంది మాట్లాడే సెర్బో-క్రొయేషియన్‌లో పాడితే సరాయెవో దాకా క్యాసెట్లు పోతాయి, అయినా స్లోవేన్‌లోనే పాడారు. పైగా దాంట్లో సరిగ్గా ఇద్దరికే వాడే ద్వివచనం ఉంది, మనం సంస్కృతంలో రామః రామౌ అని బట్టీ కొట్టామే, అది వాళ్ళు కూరగాయల కొట్లో కూడా వాడతారు. లవ్ సాంగ్‌లో "మనం" అన్నారంటే ఇద్దరే, మూడోవాడికి గ్రామర్‌లోనే చోటు లేదు.

హోస్ట్: మనకి మనం, మేము అని తేడా ఉంది కదన్నా.

గెస్ట్: అది వాళ్ళకి లేదు, లెక్క సరి!

హోస్ట్: సరే, దేశం విడిపోయాక?

గెస్ట్: 1991 జూన్‌లో స్లోవేనియా విడిగా వచ్చేసింది, పది రోజుల యుద్ధం, ఆ తర్వాత మిగతా చోట్ల అసలైన నరకం మొదలైంది. నిన్నటిదాకా టూర్‌కి వెళ్ళిన ఊళ్ళు వేరే దేశాలైపోయాయి. వీళ్ళు 1997 దాకా లాగి ఆపేశారు. ప్రెడిన్ అప్పటికే షుకార్ అనే బ్యాండ్‌తో జిప్సీ పాటలు కూడా పాడుతున్నాడు, ఒకప్పుడు గిటార్ వాయించిన ఓటో రిమెలె అయితే పెయింటర్‌గా పేరు తెచ్చుకున్నాడు. చాలా ఏళ్ళకి మళ్ళీ అదే పేరుతో స్టేజీ ఎక్కారు, కాకపోతే పాత మెంబర్లందరూ కాదు.

హోస్ట్: ఒక్క పాట వినాలంటే ఏది?

గెస్ట్: "ముద్దే నీ పెదాలు గీయనీ" అనే అర్థమొచ్చేది ఒకటుంది. లింక్ కింద పెట్టు, నన్ను మాత్రం పాడమనకు.