వాయిదా వేసే అధికారం

సభకు నమస్కారం. ఇక్కడ లా చదువుతున్న పిల్లలే ఎక్కువ కనిపిస్తున్నారు, బార్‌లో తల పండిన పెద్దలూ ఉన్నారు. అమెరికా న్యాయవ్యవస్థ అనగానే మనం సుప్రీంకోర్టు దగ్గరికి వెళ్లిపోతాం. నేను ఇవాళ కింది మెట్టు మీదే ఉంటాను. సాక్ష్యాలు విని మొదటి తీర్పు ఇచ్చే ట్రయల్ కోర్టు, అందులో కూర్చునే జడ్జి, ఆ కుర్చీ ఎవరికి ఎలా దక్కుతుంది, అంతవరకే. అదీ కాన్‌స్టన్స్ బేకర్ మాట్లీ అనే జడ్జి కథతో.

కింది మెట్టే కదా అని తీసిపారేయొద్దు. 2025 జనవరి 20న పుట్టుకతో వచ్చే పౌరసత్వానికి కోత పెడుతూ ట్రంప్ ఉత్తర్వు వచ్చినప్పుడు, హెచ్-1బి మీద ఉన్న మన తెలుగు ఇళ్లలో ఎంత టెన్షన్ పడ్డారో మీకు తెలుసు. కాన్పు దగ్గరపడ్డ వాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. మూడో రోజుకే దాన్ని తాత్కాలికంగా ఆపింది సియాటిల్‌లో ఒక జిల్లా జడ్జి. ఆయన్ని 1981లో వేసింది రీగన్, అంటే ట్రంప్ పార్టీ మనిషే. ఇలాంటి ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ వ్యవస్థలోని, జిల్లా కోర్టులు ఆ దేశంలో 94 ఉన్నాయి.

మన దగ్గర జిల్లా జడ్జి కావాలంటే పరీక్ష, ఇంటర్వ్యూ, హైకోర్టు సిఫార్సు, ఆపైన గవర్నర్ నియామకం. అక్కడ పరీక్ష లేదు. లా డిగ్రీ ఉండాలని కూడా వాళ్ల రాజ్యాంగంలో ఎక్కడా రాసి లేదు. అధ్యక్షుడు పేరు పంపుతాడు, వాళ్ల ఎగువ సభ అయిన సెనేట్‌లోని జ్యుడీషియరీ కమిటీ విచారిస్తుంది, సెనేట్ ఓటేస్తుంది. ఒకసారి కూర్చున్నాక రిటైర్మెంట్ వయసంటూ లేదు, జీతం తగ్గించడానికి వీల్లేదు, దించాలంటే అభిశంసన చేయాల్సిందే. ఇది రాజకీయ నియామకమని అక్కడివాళ్లే దాచుకోకుండా చెబుతారు. ఎంత రాజకీయమో చూడాలంటే కాన్‌స్టన్స్ బేకర్ మాట్లీ కథ చూడాలి.

ఆమె 1921లో కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్‌లో పుట్టింది. తల్లిదండ్రులు కరీబియన్‌లోని నెవిస్ దీవి నుంచి వలస వచ్చిన నల్లజాతి వాళ్లు. పన్నెండుమంది పిల్లల్లో ఈమె తొమ్మిదోది. తండ్రి యేల్ విద్యార్థుల క్లబ్బుల్లో వంటవాడు. కాలేజీకి డబ్బుల్లేవు. ఊళ్లో ఒక మీటింగులో ఈ అమ్మాయి మాట్లాడింది విని, ఒక తెల్లజాతి వ్యాపారి చదివిస్తానని ముందుకొచ్చాడు. అలా 1946లో కొలంబియా లా స్కూల్ నుంచి బయటికొచ్చింది. అప్పటికే పౌరహక్కుల లాయరు థర్గుడ్ మార్షల్ దగ్గర పని మొదలుపెట్టేసింది. బడుల్లో వర్ణవివక్షను కొట్టేసిన బ్రౌన్ కేసులో మొదటి ప్లెయింటు, అంటే దావా పత్రం, రాసింది ఈమే. సుప్రీంకోర్టులో వాదించిన మొదటి నల్లజాతి మహిళ కూడా. అక్కడ పది కేసులు వాదించి తొమ్మిది గెలిచింది.

సుప్రీంకోర్టు గెలుపులు అందరూ చెప్పేవే. నాకు ముఖ్యమనిపించేది మిస్సిస్సిప్పి. జేమ్స్ మెరెడిత్ అనే నల్లజాతి యువకుణ్ణి మిస్సిస్సిప్పి యూనివర్సిటీ చేర్చుకోనంటే, 1961లో ఈమె అతని తరఫున ఫెడరల్ జిల్లా కోర్టుకు వెళ్లింది. జడ్జి సిడ్నీ మైజ్. వాయిదా మీద వాయిదా. ఈలోగా మెరెడిత్ వేరే కాలేజీలో డిగ్రీ పూర్తి చేసేస్తే ఇక కేసే మిగలదు కదా, అదీ ఎత్తు. చివరికి 1962లో మైజ్ ఇచ్చిన తీర్పేమిటంటే, ఆ యూనివర్సిటీలో జాతి వివక్షే లేదట! ఒక్క నల్లజాతి విద్యార్థిని కూడా తెలిసి చేర్చుకోని చోట. పై కోర్టు దాన్ని కొట్టేశాక, ఆ ఏడాది అక్టోబరు 1న, సైన్యం కాపలా మధ్య మెరెడిత్ చేరాడు. ముందురోజు రాత్రి జరిగిన అల్లర్లలో ఇద్దరు చనిపోయారు.

పిల్లలూ, ట్రయల్ జడ్జి చేతిలో ఉండేది ఇదే. చట్టం ఏమిటో పై కోర్టు చెబుతుంది. ఏం జరిగిందో తేల్చేదీ, ఎప్పుడు తేల్చాలో నిర్ణయించేదీ కింద కూర్చున్న మనిషి. మన కోర్టుల వరండాల్లో నిలబడ్డ కక్షిదారుడికి ఈ సంగతి వేరే చెప్పాలా?

1966 జనవరిలో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఆమె పేరును న్యూయార్క్ సదరన్ డిస్ట్రిక్ట్ అనే ఫెడరల్ జిల్లా కోర్టుకు జడ్జిగా పంపాడు. జ్యుడీషియరీ కమిటీ ఛైర్మన్ ఎవరో చూడండి: జేమ్స్ ఈస్ట్‌లాండ్, మిస్సిస్సిప్పి సెనేటర్! ఆమె కమ్యూనిస్టు అన్నాడు. ఫైలు తొక్కిపెట్టాడు. మైజ్ కోర్టులో ఆమె చూసిన వాయిదాలే ఈసారి ఆమె మీదికి వచ్చాయి. ఏడు నెలలు నానబెట్టాక ఆగస్టు 30న సెనేట్ ఆమోదం దొరికింది. అమెరికా చరిత్రలో ఫెడరల్ జడ్జి అయిన మొదటి నల్లజాతి మహిళ ఆమె. దీని పక్కన ఇంకో పేరు పెట్టి చూడండి. హెరాల్డ్ కాక్స్, ఈస్ట్‌లాండ్‌కు కాలేజీ రూమ్మేట్. 1961లో అధ్యక్షుడు కెనడీ జిల్లా జడ్జిగా అతని పేరు పంపితే వారం రోజుల్లో పని అయిపోయింది. ఆ కాక్సే తర్వాత బెంచి మీద నుంచి, ఓటు హక్కు కోసం వచ్చిన నల్లజాతి వాళ్లను చింపాంజీలతో పోల్చాడు. పెద్ద మనసున్న అధ్యక్షుడు ఉంటే మంచి జడ్జీలు వస్తారనుకునేవాళ్లకు ఈ సంగతి మింగుడుపడదు.

జడ్జి అయ్యాక అసలు పరీక్ష 1975లో వచ్చింది. సలివన్ అండ్ క్రామ్‌వెల్ అనే పెద్ద లా ఫర్మ్ మహిళలను ఉద్యోగాల్లోకి సరిగా తీసుకోవడం లేదని ఒక మహిళా లాయరు కేసు వేసింది. మీరు ఆడవాళ్లు, నల్లజాతి వారు, పౌరహక్కుల లాయరుగా పనిచేశారు, కాబట్టి తప్పుకోండి అని ఫర్మ్ అడిగింది. ఆమె తప్పుకోలేదు. జడ్జి నేపథ్యమో, లింగమో, జాతో తప్పించడానికి చాలితే ఈ కోర్టులో ఏ జడ్జీ ఈ కేసు వినలేడని రాసింది. మిగతా జడ్జీలందరూ కూడా ఒకప్పుడు లాయర్లే, వాళ్లకీ ఏదో ఒక లింగం ఉంటుంది కదా. కేసు తర్వాత రాజీ అయింది. వాదన మాత్రం నిలబడింది, అమెరికా కోర్టులు ఇప్పటికీ దాన్ని ఉదహరిస్తాయి.

మూడేళ్లకు యాంకీ స్టేడియం అనే బేస్‌బాల్ మైదానం కేసు. ఆటగాళ్ల డ్రెస్సింగ్ రూమ్‌లోకి మగ విలేకరులను పంపి మహిళా విలేకరిని ఆపడం కుదరదంది. స్టేడియం న్యూయార్క్ నగరానిది కాబట్టి రాజ్యాంగం వర్తిస్తుంది. ఆటగాళ్ల మర్యాద మాటేమిటంటే, తెర కట్టుకోవచ్చు కదా అని తేల్చేసింది.

ఆమె చెప్పిందల్లా నిలిచిందనుకోకండి. మార్టిన్ సాస్త్ర అనే ఖైదీని 372 రోజులు ఒంటరి గదిలో పెట్టినందుకు 1970లో ఆమె 13,020 డాలర్లు ఇమ్మంది. పై కోర్టు అందులో కొంత ఉంచింది, కొంత కొట్టేసింది. కానీ ఒకటి గమనించండి. ఆ రోజులను లెక్కపెట్టి, రోజుకు ఇంత అని కట్టింది ట్రయల్ కోర్టే.

1982లో ఆమె ఆ కోర్టుకు చీఫ్ జడ్జి అయింది. 1986లో సీనియర్ హోదాకు, అంటే జడ్జిగా ఉంటూనే పని తగ్గించుకోగల స్థానానికి, మారింది, 2005లో చనిపోయింది. సలివన్ కేసులో తప్పుకోనన్న ఆ ఉత్తర్వు పెద్దదేమీ కాదు, ఇవాళ రాత్రి చదివేయొచ్చు. ఇక ప్రశ్నలుంటే అడగండి, ముందు వెనక వరుసలో వాళ్లు.