మా ఫర్నెస్‌కు మామయ్య తీసుకున్న లైన్ క్లియర్

అందరికీ నమస్కారం. షికాగో దగ్గర నేపర్‌విల్‌లో ఈ ఉదయం ఫారన్‌హీట్‌లో మైనస్ 6 డిగ్రీలు, మన లెక్కలో మైనస్ 21. ఇల్లు వేడిచేసే గ్యాసు యంత్రమే ఫర్నెస్, దాన్ని నడిపేది థర్మోస్టాట్. నిన్న రాత్రి మా హాలు గోడమీది పాత థర్మోస్టాట్ తెర రెండుసార్లు ఆరిపోయింది. బ్యాటరీలు మార్చినా ఫలితం లేదు. కొత్తది తెచ్చి రెండు నెలలుగా అలమరలో ఉంచాం. ఇంత చలిలో ఇంకా వాయిదా వేయలేక ఈ రోజే బిగించాం. నాకు తోడుగా ఉన్నది మా మామయ్య. తెనాలి వైపు ముప్ఫై ఏళ్లు లైన్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యారు. మా ఇంటికి వచ్చి మూడు వారాలైంది.

నేను స్క్రూడ్రైవర్ తీసుకుని గోడ దగ్గరికి వెళ్తుంటే ఆయన అడిగిన మొదటి మాట, "లైన్ క్లియర్ తీసుకున్నావా అమ్మా?"

స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్‌కు చెప్పి, ఆ లైనులో కరెంటు ఆపించి, ఆపినట్టు రాయించుకోవడమే లైన్ క్లియర్. పని ముగించి కిందికి దిగి, దాన్ని తిరిగి అప్పగించాకే మళ్లీ కరెంటు ఇస్తారు. ఈ క్రమం తప్పినందువల్ల స్తంభం మీదే ప్రాణాలు పోయిన వార్తలు మన పత్రికల్లో ఎన్నో చదివాం. మామయ్యతో పనిచేసిన ఒకాయన కూడా అలాగే పోయారు. అందుకే ఆయన ఆ మాటను మామూలుగా అడగరు.

ఇదిగో, ఇది మా బేస్‌మెంట్. ఫర్నెస్ పక్కన లైటు స్విచ్చులా కనిపిస్తున్నది దాని సొంత స్విచ్చు. అది ఆపాం. ఆ తర్వాత బ్రేకర్ పెట్టె తెరిచి ఫర్నెస్ బ్రేకర్ కూడా ఆపాం. మామయ్య ఒక కాగితం మీద "పని జరుగుతోంది, వేయవద్దు" అని తెలుగులో రాసి బ్రేకర్ మీద అంటించారు. ఇంట్లో అందరికీ తెలుగు వచ్చు కాబట్టి అది చాలు.

ఆయన ఊరి నుంచి తెచ్చుకున్న టెస్టర్ జేబులోనే ఉంది, కొనలో చిన్న నియాన్ దీపం ఉండే రకం. దానితో చూడబోతుంటే నేను ఆయన్ని ఆపాను. ఫర్నెస్ లోపల ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. గోడ నుంచి వచ్చే 120 వోల్టులను అది 24 వోల్టులకు దించుతుంది. థర్మోస్టాట్‌కు వెళ్లేది ఆ 24 వోల్టులే. అంత తక్కువకు నియాన్ దీపం వెలగదు, వైరులో కరెంటు ఉన్నా లేనట్టే చూపిస్తుంది. అందుకని వోల్టులు కొలిచే మల్టీమీటర్‌తో, ఫర్నెస్ బోర్డు మీద ఆర్, సి అని రాసి ఉన్న స్క్రూల మధ్య కొలిచాం. సున్నా. మామయ్య తానే ఇంకోసారి కొలిచి చూసుకున్నారు.

ఇప్పుడు కెమెరా దగ్గరగా తెస్తున్నాను. ఫర్నెస్ కింది తలుపు తీస్తే కనిపించే ఈ పచ్చటి బోర్డు మీద స్క్రూల వరుస ఉంది. ఆర్ అంటే 24 వోల్టులు వచ్చే చోటు. డబ్ల్యూ వేడికి, వై చల్లదనానికి, జి ఫ్యానుకు. సి దగ్గర సర్క్యూట్ పూర్తయి కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌కు తిరిగి చేరుతుంది. మా పాత థర్మోస్టాట్ బ్యాటరీలతో నడిచేది కాబట్టి దానికి సి వైరు అక్కరలేదు. కొత్తది వైఫైతో పనిచేస్తుంది, దానికి ఎప్పుడూ కరెంటు అందాలి. గోడలో అయిదో వైరు, నీలం రంగుది, ఎక్కడా కలపకుండా చుట్టి ఉంది. కింద ఫర్నెస్ దగ్గర కూడా అలాగే ఉంది. మా అదృష్టం.

అయితే సి స్క్రూ కింద అప్పటికే ఒక తెల్ల వైరు ఉంది, చూడండి. తెలుపు అంటే వేడి వైరు అనుకుని దాన్ని డబ్ల్యూకు మార్చాలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ అది బయట ఉన్న ఏసీ యంత్రానికి వెళ్లే జంటలో ఒకటి. ఆ జంటలోని ఎర్ర వైరు వై కింద ఉంది. అంటే ఈ బోర్డు మీద ఎరుపు ఆర్ కాదు, తెలుపు డబ్ల్యూ కాదు. రంగును నమ్మకండి, స్క్రూ పక్కన ఉన్న అక్షరాన్ని చదవండి, రెండు చివర్లా. ఒక్క వైరు కూడా విప్పకముందే రెండు చోట్లా ఫోటోలు తీయండి. మేము ఆ తెల్ల వైరును కదపకుండా, దాని పక్కనే నీలాన్ని అదే స్క్రూ కింద బిగించాం.

రంగుల గురించి ఇంకొక మాట. ఇది నా మనసులో బాగా నాటుకుంది. కరెంటు ఫర్నెస్‌లోకి వచ్చే పెట్టెను మామయ్య చూసి "నలుపు న్యూట్రల్ కదా" అన్నారు. మన ఊళ్లో పాత వైరింగ్‌లో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్. అమెరికాలో నలుపే ఫేజు, తెలుపు న్యూట్రల్. ముప్ఫై ఏళ్ల అనుభవం ఉన్న చెయ్యి కూడా ఇక్కడ పొరబడుతుంది. ఇక్కడికి వచ్చిన మన పెద్దవాళ్లు "నేను చూస్తానులే" అన్నప్పుడు ఈ సంగతి దయచేసి వారికి ముందే చెప్పండి. ఆ పెట్టెను మేము తెరవలేదు. 120 వోల్టుల వైపు, గ్యాసు గొట్టం వైపు లైసెన్సు ఉన్న టెక్నీషియన్ మాత్రమే చేయాలి. అక్కడ ఫేజు, న్యూట్రల్ తారుమారైనా, ఎర్త్ సరిగ్గా లేకపోయినా మంట ఉన్నట్టు బోర్డు గుర్తించలేకపోవచ్చు. అప్పుడు మంట వెలిగిన కొన్ని సెకన్లకే ఫర్నెస్ గ్యాసు ఆపేస్తుంది.

అపార్ట్‌మెంట్లలో ఉండేవారు ఇంకొకటి గమనించండి. పాత థర్మోస్టాట్ తీస్తే లావుపాటి వైర్లు, వాటికి ప్లాస్టిక్ టోపీలు కనిపిస్తే వెంటనే ఆగిపోండి. అది గోడవారగా ఉండే కరెంటు హీటరుది, 120 లేదా 240 వోల్టులది కావచ్చు. ఈ థర్మోస్టాట్ దానికి పనికిరాదు.

బోర్డు మీద ఊదా రంగులో కనిపిస్తున్నది 3 ఆంపియర్ల ఫ్యూజు, కార్లలో వాడే రకమే. రెండేళ్ల క్రితం బ్రేకర్ ఆపకుండా వైరు కదిపితే ఆర్, సి ఒకదానికొకటి తగిలి ఇది పోయింది. ఆ రాత్రి మా పాపను రెండు రజాయిల మధ్య పడుకోబెట్టాం. ఫ్యూజు పోతే బోర్డు మీద రాసి ఉన్న ఆంపియర్లదే వేయండి, అంతకంటే పెద్దది వేయకండి.

మామయ్య ఇంకొక మంచి ప్రశ్న అడిగారు, "పొగ ఎటు పోతుందమ్మా?" ఇదిగో, ఈ తెల్ల ప్లాస్టిక్ గొట్టం గుండా బయటికి పోతుంది. మంచు పేరుకుని దాని నోరు మూసుకుపోకుండా చూసుకోవాలి. ఇల్లినాయ్‌లో 2007 నుంచి పడకగదులకు 15 అడుగుల లోపు, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును పసిగట్టే అలారం ఉండాలని చట్టం. మాది నొక్కి చూశాం, మోగింది. గ్యాసు వాసన వస్తే మాత్రం ఏ స్విచ్చూ తాకకుండా బయటికి వెళ్లి, అక్కడి నుంచి ఫోను చేయండి.

తలుపు మూశాం. అది సరిగ్గా నొక్కుకుంటేనే లోపలి స్విచ్చు కరెంటు ఇస్తుంది. మామయ్య బ్రేకర్ మీది కాగితం తీసి, మడిచి నా చేతికి ఇచ్చి, "లైన్ క్లియర్ రిటర్న్" అన్నారు. అప్పుడు బ్రేకర్ వేశాను.

ముందు చిన్న ఫ్యాను తిరిగింది. టక్కుమని ఒక చప్పుడు. ఈ చిన్న గాజు కన్నంలోంచి చూడండి, మంట అంటించే ఇగ్నైటర్ నిప్పుకణికలా ఎర్రబడుతోంది. ఇదిగో, నీలి మంట వరుసగా అంటుకుంది. మామయ్య వంగి చూస్తూ పెద్ద ఫ్యాను తిరిగేదాకా లేవలేదు.